వెడ్జ్ అడుగు చూసి ఎంచుకోండి: 56, 58, 60, 64 డిగ్రీల మధ్య అసలు తేడా

(గోల్ఫ్‌లో షార్ట్ గేమ్, అంటే గుంత దగ్గరి చిన్న షాట్ల మీద ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద నాలుగు వెడ్జ్‌లు, అంటే బంతిని తక్కువ దూరం ఎత్తుగా లేపే క్లబ్బులు పెట్టాను: 56, 58, 60, 64. ప్రతిదాని మీదా లాఫ్ట్, అంటే బంతిని తాకే ముఖం (ఫేస్) ఎన్ని డిగ్రీలు వెనక్కి వాలిందో ఆ అంకె పెద్దగా చెక్కి ఉంటుంది. దాని పక్కన చాలా కంపెనీల క్లబ్బుల మీద ఇంకో అంకె కనిపిస్తుంది. 12 అనో, 8 అనో, 4 అనో. అది బౌన్స్. కొనేటప్పుడు అందరి కళ్లూ మొదటి అంకె మీదే. నేను మాత్రం ఇవాళ ఎక్కువసేపు రెండో అంకె గురించే మాట్లాడతాను. గ్రీన్ (గుంత, జెండా ఉండే నున్నటి గడ్డి) పక్కన మనం చేసే పొరపాట్లు రెండు రకాలు. బంతి వెనక మట్టి పెళ్లగించి బంతిని అక్కడే వదిలేయడం ఒకటి. బంతి నడుముకు క్లబ్ అంచు తగిలి, అది గ్రీన్ దాటి అవతలి బంకర్లో (ఇసుక గుంటలో) పడటం రెండోది. చాలావరకు ఈ రెండూ క్లబ్ అడుగు భాగం (సోల్) మన చేతికీ, కింద ఉన్న నేలకీ పొసగకపోవడం వల్ల వచ్చేవే.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. గోల్ఫ్ బంతి వ్యాసం 1.68 అంగుళాలు, అంటే 42.67 మిల్లీమీటర్లు. బంతిని సిమెంటు గచ్చులాంటి గట్టి నేల మీద పెట్టామనుకోండి. ఫేస్ ఎంత వెనక్కి వాలితే బంతిని అంత కింద తాకుతుంది. 46 డిగ్రీల పిచింగ్ వెడ్జ్ (వెడ్జ్‌లలో తక్కువ లాఫ్ట్ ఉన్నది) బంతిని నేలకు 6 మిల్లీమీటర్ల ఎత్తులో తాకుతుంది. 56 డిగ్రీలది 3.6 దగ్గర, 60 డిగ్రీలది 2.9 దగ్గర, 64 డిగ్రీలదైతే 2.2 దగ్గర తాకుతుంది. క్లబ్ లీడింగ్ ఎడ్జ్ (ముందంచు) ఆ ఎత్తుకు కిందనే ఉండాలి. ఆ గీత దాటి పైకి లేచిందంటే బంతికి ఫేస్ బదులు అంచు తగులుతుంది. దాన్నే మనం థిన్ అంటాం, స్కల్ అంటాం, ఇంకా పలకకూడని పేర్లు కూడా పెడతాం.

అంటే 46 నుంచి 64కి వెళ్లేసరికి మనకున్న వెసులుబాటు మూడో వంతుకు పడిపోయింది. "60 కొన్నాక స్కల్ షాట్లు ఎక్కువయ్యాయి" అని చాలామంది అంటుంటారు. అది భ్రమేమీ కాదు, జ్యామితే అలా ఉంది. మెత్తటి గడ్డి మీద బంతి కాస్త పైకి లేచి కూర్చుంటుంది కాబట్టి ఈ ఇబ్బంది అంతగా తెలియదు. గడ్డి దగ్గరగా కత్తిరించిన గట్టి నేల మీదే బయటపడుతుంది.

ఇప్పుడు బౌన్స్ దగ్గరికి వద్దాం. (60 డిగ్రీల వెడ్జ్ ఎత్తి అడుగు భాగం చూపిస్తూ) షాఫ్ట్ (క్లబ్ కర్ర) నిటారుగా ఉండేలా క్లబ్బును నేల మీద ఆనించండి. ముందంచు నేలకు తగలదు, వెనక భాగమే తగులుతుంది. ముందంచు నుంచి ఆ తగిలే చోటు దాకా ఉన్న వాలు ఎన్ని డిగ్రీలో అదే బౌన్స్. 4 నుంచి 6 అయితే తక్కువ, 7 నుంచి 10 మధ్యస్థం, అంతకు మించితే ఎక్కువ అని వాడుక. తక్కువ బౌన్స్ ఉన్న అడుగు నాగలి కర్రు లాంటిది, దొరికితే దిగబడుతుంది. ఎక్కువ బౌన్స్ ఉన్నది పడవ అడుగు లాంటిది, పైపైన జారిపోతుంది. ఏది మంచిదని అడిగితే ఏ నేల మీద అని తిరిగి అడగాల్సిందే.

ఒక్క డిగ్రీల అంకెతోనే సంగతి తేలిపోదు. సోల్ వెడల్పు ఉంది, దాని వంపు ఉంది. 10 డిగ్రీల బౌన్స్ సన్నటి సోల్ మీద ఉంటే ఒకలా, వెడల్పాటి సోల్ మీద ఉంటే ఇంకోలా పనిచేస్తుంది. వెడల్పాటిది నేలను ఎక్కువ మేర ఒత్తుతుంది కాబట్టి 10 కాస్తా 12లా అనిపిస్తుంది. అందుకే ఒక కంపెనీ 10ని ఇంకో కంపెనీ 10తో పక్కపక్కన పెట్టి రెండూ ఒకటేనంటే కుదరదు.

లాఫ్ట్, బౌన్స్ రెండూ మన చేతుల్లో మారిపోతాయన్నది అసలు మెలిక. చెక్కిన అంకెలు షాఫ్ట్ నిటారుగా ఉన్నప్పటివి. బంతిని తాకే క్షణంలో చేతులు 5 డిగ్రీలు ముందుకు వాలితే లాఫ్ట్ 5 తగ్గుతుంది, బౌన్స్ కూడా 5 తగ్గుతుంది. 60 లాఫ్ట్, 6 బౌన్స్ ఉన్న వెడ్జ్ ఆ క్షణంలో 55 లాఫ్ట్, 1 బౌన్స్ అయిపోతుంది. ఇంకో రెండు డిగ్రీలు వాలితే బౌన్స్ సున్నాకి కిందే. పడవ మళ్లీ నాగలి అయినట్టే. చేతుల్ని ముందుకు తోసి కొట్టే అలవాటున్నవాళ్లు 4 బౌన్స్ ఉన్న లాబ్ వెడ్జ్ (60 లాంటి ఎక్కువ లాఫ్ట్ వెడ్జ్) కొనుక్కుని, మెత్తటి నేల మీద ప్రతి మూడో చిప్‌కీ (గ్రీన్ పక్క చిన్న షాట్‌కీ) గడ్డపార వేసినట్టు దిగబడిపోతున్నామని బాధపడితే, తప్పు ఆ చేతులదీ ఆ క్లబ్బుదీ కలిపి.

ఇక ఫేస్ తెరవడం, అంటే షాఫ్ట్‌ను తిప్పి ఫేస్ ఇంకాస్త పైకి చూసేలా పెట్టడం. చాలామందికి దీని సగం సంగతే తెలుసు. తెరిస్తే లాఫ్ట్ పెరుగుతుందని తెలుసు. బౌన్స్ కూడా దాదాపు అంతే పెరుగుతుందన్నది మరిచిపోతారు. వెడ్జ్ లై యాంగిల్, అంటే షాఫ్ట్‌కీ నేలకీ మధ్య కోణం, సుమారు 64 డిగ్రీలు. షాఫ్ట్ అంత వాలి ఉన్నప్పుడు, 56 డిగ్రీల వెడ్జ్‌ను షాఫ్ట్ చుట్టూ 10 డిగ్రీలు తెరిస్తే లాఫ్ట్ దాదాపు 60 అవుతుంది. 20 డిగ్రీలు తెరిస్తే 64, 65 మధ్యకు చేరుతుంది. బౌన్స్ కూడా దానితో పాటే ఎక్కుతుంది. 10 డిగ్రీలు తెరిస్తే 4 డిగ్రీల చొప్పున. అంటే 12 బౌన్స్ ఉన్న 56ని 60 చేసుకునేసరికి దాని బౌన్స్ 16 అయింది. ఇంకోపక్క అసలు 60 డిగ్రీల వెడ్జ్ 6 బౌన్స్‌తో ఏమీ తెరవకుండా నిలబడి ఉంది. రెండింటి లాఫ్ట్ ఒకటే. అడుగులు మాత్రం పూర్తిగా వేరు. "56ని తెరిస్తే 60 వస్తుంది కదా, ఇంకోటి ఎందుకు" అనేవాళ్లూ, "60 లేకుండా ఎలా" అనేవాళ్లూ ఇద్దరూ ఒక కన్నుతోనే చూస్తున్నారు.

తెరిచిన ఫేస్ దిక్కు కూడా మారుతుంది. 10 డిగ్రీలు తెరిస్తే కుడిచేతి వాటం ఆటగాడికి ఫేస్ దాదాపు 10 డిగ్రీలు కుడికి చూస్తుంది. 20 గజాల దూరంలో అది మూడు గజాల పైచిలుకు. అందుకే ఒంటిని ఎడమకు తిప్పి నిలబడమంటారు. ఎడమచేతి వాటం వాళ్లు దిక్కులు తిరగేసుకోండి.

ఇప్పుడు ఒక షాట్ దగ్గరగా చూద్దాం. గ్రీన్ పక్కన బంతి ఉంది. ముందు బంకర్ ఉంది, దాని పెదవి దాటాలంటే బంతి గాల్లో 13 గజాలు పోవాలి. పిన్ (గుంతలోని జెండా కర్ర) 18 గజాల దగ్గర ఉంది. బంతి కింద గడ్డి పలచన, నేల గట్టిది. సంచిలో రెండున్నాయి: 60 డిగ్రీలు 6 బౌన్స్, 56 డిగ్రీలు 12 బౌన్స్. ఏది తీయాలి?

లెక్క వేద్దాం. సోల్ నేలను తాకే చోటు ముందంచుకు ఒక సెంటీమీటరు వెనక ఉందనుకుందాం. 60ని స్క్వేర్‌గా (తెరవకుండా) పెడితే, 6 డిగ్రీల బౌన్స్‌కి ముందంచు నేలకు ఒక మిల్లీమీటరు ఎత్తులో ఉంటుంది. 60 లాఫ్ట్‌కి బంతి తాకే ఎత్తు 2.9 అన్నాం కదా. దాదాపు 2 మిల్లీమీటర్ల వెసులుబాటు మిగిలింది. 56ని 10 డిగ్రీలు తెరిస్తే బౌన్స్ 16, ముందంచు 2.8 మిల్లీమీటర్ల ఎత్తుకు లేచింది. హద్దు 2.9. మిగిలింది శూన్యం. గట్టి నేల మీద తెరిచిన 56 వెనక భాగం నేలకు తగిలి ఎగిరి, అంచు బంతి నడుముకు తగలడానికి ఇదే కారణం. కాబట్టి ఇక్కడ 60 తీయాలి.

తీశాక ఎలా? బంతి నిలుచున్న పాదాల మధ్యన, లేదా ఒక బంతి వెడల్పు ముందు పాదం వైపు. బరువు ముందు పాదం మీద నూటికి 55, 60 పాళ్లు, అంతకు మించి అక్కర్లేదు. గ్రిప్ చివర బెల్టు బకిల్ వైపు చూడాలి, ముందు తొడ వైపు కాదు. ముందు తొడ వైపు చూసిందంటే చేతులు ముందుకు వాలాయన్నమాట, ఆ 6 బౌన్స్ అక్కడే హరించుకుపోయింది. వెనక్కి క్లబ్ నడుము ఎత్తుకు వెళ్తే చాలు, ముందుకు కూడా అంతే ఎత్తు. ఛాతీ తిరుగుతూనే ఉండాలి. భయంతో తాకే ముందు వేగం తగ్గిస్తే క్లబ్ తల చేతుల్ని దాటేసి, ముందంచు లేచి, మళ్లీ అదే స్కల్.

అదే షాట్‌లో ఒక్కటి మార్చండి. బంతి కింద మెత్తటి గడ్డి ఉంది, బంతి అందులో సెంటీమీటరు పైకి తేలి కూర్చుంది. ఇప్పుడు మొత్తం తిరగబడింది. స్కల్ భయం పోయింది, క్లబ్ బంతి కింద నుంచి జారిపోతుందేమోనన్న భయం వచ్చింది. ఇక్కడ తెరిచిన 56, దాని 16 బౌన్స్ మన పక్షాన పనిచేస్తాయి. అర అంగుళం వెనక తాకినా సోల్ దిగబడకుండా జారుతుంది.

తెరిచే పద్ధతిలో ఒక తప్పు అందరూ చేస్తారు. ముందు గ్రిప్ పట్టుకుని తర్వాత మణికట్టు తిప్పి ఫేస్ తెరుస్తారు. కొట్టేటప్పుడు చేతులు వాటి సహజ స్థితికి వచ్చేస్తాయి, ఫేస్ మూసుకుపోతుంది. క్రమం ఇలా ఉండాలి. గ్రిప్‌ను వేళ్లతో వదులుగా పట్టుకోండి. షాఫ్ట్‌ను తిప్పి ఫేస్‌ను కావలసినంత తెరవండి. అప్పుడు రెండు చేతులతో గ్రిప్ పట్టండి. తర్వాత పాదాలు, భుజాలు ఎడమకు తిప్పండి. స్వింగ్ భుజాల గీత వెంట సాగాలి. మోకాళ్లు కాస్త ఎక్కువ వంచి చేతులు కిందికి దించితే లాఫ్ట్ ఇంకొంచెం పెరుగుతుంది, కుడికి చూసే వాలు మాత్రం తగ్గుతుంది.

బంకర్లో ఈ పోలిక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అసలు సాండ్ వెడ్జ్ పుట్టిందే అడుగు మార్చడం వల్ల. అమెరికన్ ఆటగాడు జీన్ సారజెన్ తన నిబ్లిక్ (ఆ కాలపు ఎక్కువ లాఫ్ట్ ఐరన్ క్లబ్) వెనక భాగానికి టంకం పోసి, వెనకంచు ముందంచు కంటే కిందికి వచ్చేలా చేశాడు. విమానం తోక మీది ఫ్లాప్ చూసి ఆ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. 1932లో ప్రిన్సెస్ కోర్సులో బ్రిటిష్ ఓపెన్ గెలిచినప్పుడు ఆ క్లబ్ సంచిలో ఉంది. గమనించండి, ఆయన లాఫ్ట్ జోలికి పోలేదు.

పొడి ఇసుక లోతుగా, వదులుగా ఉంటే ఎక్కువ బౌన్స్, వెడల్పాటి సోల్ కావాలి. తెరిచిన 56 దీనికి దాదాపు ఆదర్శం. బంతికి రెండు అంగుళాలు వెనక ఇసుకలో దిగి, బంతికి రెండు అంగుళాలు ముందు బయటికి రావాలి. తక్కువ బౌన్స్ ఉన్న 60 అదే ఇసుకలో లోతుగా దిగిపోతుంది, బంతి అక్కడే లేచి అక్కడే పడుతుంది. తడిసి గట్టిపడిన ఇసుక, లేదా పైన పలచగా ఇసుక చల్లి కింద గట్టి నేల ఉన్న బంకర్ అయితే తారుమారు. 16 బౌన్స్ ఆ గట్టి పొరకు తగిలి ఎగురుతుంది. అక్కడ 60, 6 బౌన్స్, ఫేస్ కొంచెమే తెరిచి. ఇసుక ఎలాంటిదో ఎలా తెలుస్తుంది? చేత్తోగానీ క్లబ్‌తోగానీ ఇసుకను పరీక్షించి చూడటానికి నిబంధనలు ఒప్పుకోవు. బంతికి ముందూ వెనకా క్లబ్ ఆనించకూడదు, ప్రాక్టీస్ స్వింగ్‌లోనూ, క్లబ్ వెనక్కి తీసేటప్పుడూ ఇసుక తగలకూడదు. నిలబడటానికి పాదాలు ఇసుకలో దించుకోవడం మాత్రం మన హక్కు. మీ బూటే మీ కొలబద్ద. సులువుగా మడమ దిగితే వదులు ఇసుక, చటుక్కున ఆగితే గట్టిది.

బంతి ఇసుకలో పూడిపోతే 60, 64 రెండింటినీ మరిచిపోండి. అక్కడ నాగలే కావాలి. 52 గానీ 56 గానీ ఫేస్ మూసి, ముందంచు దిగేలా కొట్టండి. బంతి తక్కువ ఎత్తులో వచ్చి చాలా దూరం దొర్లుతుంది, దానికి సిద్ధపడాలి. పాతిక గజాల పైనున్న బంకర్ షాట్‌కి కూడా లాబ్ వెడ్జ్‌ను గట్టిగా కొట్టడం కంటే 50, 52తో అదే మామూలు స్వింగ్ చేయడం నయం.

రఫ్ (పొడుగ్గా వదిలేసిన గడ్డి) దగ్గర ఒక్క విషయమే చెప్తాను, కానీ అది ముఖ్యం. పొడుగు గడ్డిలో బంతి పైకి తేలి ఉంటే లాఫ్ట్ ఎక్కువయ్యేకొద్దీ క్లబ్ దాని కింద నుంచి దూరిపోతుంది. బంతి ఫేస్ పై భాగాన తగులుతుంది, అక్కడ శక్తి అందదు, సగం దూరంలో పడిపోతుంది. ఫేస్ మీద పైన, టో (క్లబ్ తల కొస) వైపు బంతి ముద్రలు కనిపిస్తే ఇదే జరుగుతోందని అర్థం. టేలర్‌మేడ్ హై-టో, కాల్‌అవే పీఎం గ్రైండ్ లాంటి వెడ్జ్‌ల టో ఎత్తుగా, గ్రూవ్స్ (చెక్కిన గీతలు) ఫేస్ అంతటా ఉండటానికి కారణం ఇదే. ఫేస్ బాగా తెరిచినప్పుడు బంతి టో వైపే తగులుతుంది, అక్కడా గ్రూవ్ ఉండాలి. ఎప్పుడూ ఫేస్ తెరవని ఆటగాడికి ఆ గ్రూవ్స్ అలంకారమే.

స్పిన్ (బంతి వెనక్కి తిరిగే వేగం) గురించి ఒక అపోహ బలంగా నాటుకుపోయింది. లాఫ్ట్ ఎంత ఎక్కువైతే స్పిన్ అంత ఎక్కువ అని. ఒక హద్దు దాకా నిజమే. ఆ తర్వాత బంతి ఫేస్‌ను పట్టుకోకుండా పైకి జారడం మొదలవుతుంది. అప్పుడు లాఫ్ట్ పెరిగినా స్పిన్ పెరగదు, తగ్గుతుంది కూడా. లాబ్ షాట్ గ్రీన్ మీద ఆగేది చాలావరకు నిటారుగా పడటం వల్ల. కిందుగా వెళ్లి రెండు గంతులేసి గక్కున ఆగే షాట్ కావాలంటే 52, 56 మంచివి. ఫేస్ మీద నీళ్లు గానీ గడ్డి గానీ ఉంటే జారుడు ఇంకా ఎక్కువ. బంతి అనుకున్నదానికంటే ఎత్తుగా లేచి, స్పిన్ లేకుండా పడి దొర్లుతుంది. అందుకే తువ్వాలు తడి భాగం ఒకటి, పొడి భాగం ఒకటి ఉండాలి. తడి దాంతో గ్రూవ్‌లో మట్టి తీసి, పొడి దాంతో తుడవాలి. బంతి పైపొర కూడా లెక్కలోకి వస్తుంది. యూరెథేన్ కవర్ ఉన్న బంతి వెడ్జ్ ఫేస్‌ను పట్టినట్టు గట్టి అయోనోమర్ కవర్ బంతి పట్టదు. కొత్త వెడ్జ్ కొనేముందు బంతి మార్చి చూడటం చవకైన ప్రయోగం.

గ్రూవ్స్‌కి నిబంధన ఉంది. 25 డిగ్రీలు, ఆపైన లాఫ్ట్ ఉన్న క్లబ్బులకు 2010 నుంచి గ్రూవ్ పరిమాణం, అంచుల పదును రెండింటికీ హద్దు పెట్టారు. వెడల్పు 0.9 మిల్లీమీటర్లు, లోతు అర మిల్లీమీటరు మించకూడదు. అరిగిపోయిన గ్రూవ్‌ను గీకి పదును పెట్టే చిన్న పరికరాలు దొరుకుతాయి. వాటితో గీకితే ఆ హద్దు దాటే ప్రమాదం ఉంది, పోటీలో ఆ క్లబ్ చెల్లదు. ఇక తుప్పు పట్టే రా ఫినిష్ (పైపూత లేని లోహం) స్పిన్ పెంచుతుందనే ప్రచారం పట్టించుకోకండి. ఎండలో మెరవదు, అంతే లాభం.

ఇంతసేపూ 64 గురించి పెద్దగా మాట్లాడలేదు. కారణం ఉంది. అమెరికన్ ప్రొఫెషనల్ ఫిల్ మికెల్సన్ లాంటివాడు 64 సంచిలో వేసుకున్న సందర్భాలున్నాయి, ఆయన చేతికి అది సరే. మనకు? బంతి తాకే ఎత్తు 2 మిల్లీమీటర్ల చిల్లర. 15 గజాలు పంపడానికి కూడా పెద్ద స్వింగ్ కావాలి, పెద్ద స్వింగ్‌లో చిన్న తప్పు కూడా పెద్దదే. పైగా 14 క్లబ్బులే మోయాలి కాబట్టి దాన్ని పెట్టుకోవాలంటే ఇంకోటి తీసేయాలి. దాదాపు ప్రతి ఆటగాడికీ తీసేసిన ఆ క్లబ్బే ఎక్కువసార్లు అవసరపడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. గ్రీన్లు బాగా ఎత్తుగా, పిన్‌లు అంచుల్లో ఉండే కోర్సులో రోజూ ఆడేవాళ్లకు తప్ప నేను 64 సిఫారసు చేయను.

58కి, 60కి తేడా చాలా చిన్నది. 58 మీద నా మొగ్గు. స్క్వేర్‌గా పెడితే 60 కంటే కాస్త క్షమిస్తుంది, 5 డిగ్రీలు తెరిస్తే 60 అయిపోతుంది, ఆ తెరవడంలో బౌన్స్ రెండు డిగ్రీలే పెరుగుతుంది. 58, 8 బౌన్స్ ఉన్నది ఒకటి ఉంటే గట్టి నేల మీదా, ఇసుకలోనూ నెట్టుకురావచ్చు. ఫుల్ స్వింగ్‌కి కూడా 60 కంటే 58 నమ్మకమైనది. 60తో ఫుల్ స్వింగ్ కొడితే తాకే చోటు ఫేస్ మీద రవ్వంత పైకి జరిగినా దూరం బాగా పడిపోతుంది. 60ని ముప్పావు స్వింగ్ దాకానే వాడాలని నా అభిప్రాయం.

సెట్ కూర్చుకునేటప్పుడు ముందు మీ పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ తెలుసుకోండి. ఇప్పటి ఐరన్ సెట్లలో అది 46 అని అనుకోవడానికి లేదు, 43, 44 కూడా ఉంటున్నాయి. 46 అయితే 50, 54, 58 చక్కగా కుదురుతాయి. 44 అయితే 49, 54, 59 దగ్గరలో వెతకాలి. మధ్యలో 4 నుంచి 6 డిగ్రీల ఎడం ఉండాలి. 44 పక్కన 56, 60 పెట్టుకుని తిరిగేవాళ్లు చాలామంది. 44కి 56కి మధ్య 12 డిగ్రీల గొయ్యి ఉంది, అందులో పడే షాట్ రౌండుకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టుకోండి. 60ని కాదనుకుని ఆ చోట 50 పెట్టుకుంటే ఆ గొయ్యి పూడుతుంది. ఇంకో మాట: అన్ని వెడ్జ్‌లకూ ఒకే బౌన్స్ కొనకండి. ఒకటి 10 పైన, ఒకటి 8 కింద ఉంటే రెండు రకాల నేలకూ ఆయుధం ఉంటుంది.

గ్రైండ్ అంటే సోల్ మీద మడమ (షాఫ్ట్ కలిసే కొన) వైపు, టో వైపు, వెనకంచున లోహం ఎంత తీసేశారన్నది. తెరిచినప్పుడు ముందంచు మరీ పైకి లేవకుండా ఉండటానికే ఆ తీసివేత. వోకీ బ్రాండ్ వెడ్జ్‌లలో ఎల్ గ్రైండ్ తక్కువ బౌన్స్, ఫేస్‌తో ఆడుకునేవాళ్లకు. కే గ్రైండ్ వెడల్పాటి సోల్, ఇసుకకు, మెత్తటి నేలకు. అక్షరాలు ఏ కంపెనీవి ఆ కంపెనీవే, ఒకరి ఎం ఇంకొకరి ఎం కాదు.

ఒక శ్రోత: మనకు ఏ బౌన్స్ సరిపోతుందో కొనక ముందే ఎలా తెలుస్తుంది?

సోల్ అడుగంతా వైట్‌బోర్డ్ మార్కర్ పూయండి. మీరు మామూలుగా ఆడే నేల మీద పది పిచ్‌లు (గాల్లో లేపే చిన్న షాట్లు) కొట్టి, తిప్పి చూడండి. రంగు ముందంచు దగ్గరే చెరిగితే మీరు దిగబడుతున్నారు, బౌన్స్ పెంచుకోవాలి. వెనకంచు దగ్గరే చెరిగితే వెనక తాకి ఎగురుతున్నారు, తగ్గించుకోవాలి. మధ్యలో చెరిగితే ఇప్పుడున్నదే సరి. ఫేస్ మీదా అదే మార్కర్ పూస్తే బంతి ఎక్కడ తాకుతోందో తెలుస్తుంది. డివట్ (క్లబ్ గడ్డిలో చేసిన మచ్చ) కూడా చూడండి. చిన్న గొయ్యిలా లోతుగా ఉంటే దిగబడుతున్నట్టు, గడ్డి వంగి ఊరికే గీరినట్టుంటే జారుతున్నట్టు.

రెండు వెడ్జ్‌లు పోల్చేటప్పుడు ఒకే రకం బంతులతో, మూడు చోట్ల నుంచి కొట్టాలి: గట్టి నేల, రఫ్, బంకర్. ఒక్కో క్లబ్‌తో ఒక్కోచోట పది బంతులు. అందులో పిన్ పక్కన పడిన రెండింటినీ చూసి మురిసిపోకండి. మూడు గజాల అవతల పడినవెన్నో లెక్కపెట్టండి. ఆ లెక్క ఏ క్లబ్‌కి తక్కువో అదే మీది.

మరో శ్రోత: చిప్‌లన్నీ 60తోనే కొట్టే అలవాటు నాది. మార్చుకోవాలా?

ముందు పరుగు లెక్క చూడండి. సాపుగా, మధ్యస్థ వేగంతో ఉన్న గ్రీన్ మీద మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క ఇది. 56తో బంతి ఎగిరినంత దూరం దొర్లుతుంది. పిచింగ్ వెడ్జ్‌తో ఎగిరిన దానికి రెట్టింపు దొర్లుతుంది. 60తో సగమే దొర్లుతుంది. పిన్ 18 గజాల దగ్గరుంటే 60తో 12 గజాలు గాల్లో పంపాలి, పిచింగ్ వెడ్జ్‌తో 6 గజాలు చాలు. సగం స్వింగ్, ఫేస్ బంతిని తాకే ఎత్తు 2.9 బదులు 6 మిల్లీమీటర్లు. దారిలో బంకర్ లేనప్పుడు, గ్రీన్ మీద పరుగుకు చోటున్నప్పుడు ఈ రెండు లాభాలూ వదులుకోవడానికి నాకు కారణం కనిపించదు. బంకర్ అడ్డుంటే, లేదా పిన్ మీ వైపు అంచుకు మూడు గజాల లోపే ఉంటే, అప్పుడు 60 తీయండి. అప్పుడైనా మొదట చూడాల్సింది బంతి కింద ఏముందన్నదే. గడ్డి లేని మట్టి నేల అయితే పుటర్‌తో (బంతిని దొర్లించే క్లబ్‌తో) నెట్టడం కూడా ఆలోచించండి. ఫ్రింజ్ (గ్రీన్ చుట్టూ ఉండే గడ్డి) ఎండి ఉంటే ఆ షాట్ బాగానే పోతుంది, తడిగా ఉంటే మాత్రం మొదటి గజంలోనే వేగం చచ్చిపోతుంది.